నిజాం నాటి విమాన స్థావరాలు

బేగంపేట, హకీంపేట, మామునూరు, బీదరు, ఆదిలాబాదు. ఈ ఐదు చోట్లా విమానాలు దిగే నేల హైదరాబాదు సంస్థానం ఉన్న రోజుల్లోనే సిద్ధమయింది. అప్పుడు రాజ్యమేలుతున్నవాడు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ (పాలన 1911–1948). తెలంగాణ పల్లెల్లో విమానాన్ని గాలిమోటరు అనేవారు. మోటారు బండినే వింతగా చూసే కాలంలో, తల మీదుగా చప్పుడు చేసుకుంటూ పోయే బండికి అంతకన్నా మంచి పేరు దొరకదు. ఆ గాలిమోటర్లు దిగిన మైదానాల్లో ఒకటి రాజధాని విమానాశ్రయమైంది. రెండు భారత వైమానిక దళానికి బడులయ్యాయి. ఒకటి గడ్డి మొలిచి బీడుపడింది. ఒకటి సైన్యం చేతిలో చడీచప్పుడు లేకుండా ఉండిపోయింది.

వీటి చరిత్ర చదివేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. విమానాల కోసం హైదరాబాదు ఖజానా చేయి విప్పి ఖర్చు పెట్టింది. కానీ ఆ రాజ్యానికి సొంత వైమానిక దళం ఏనాడూ లేదు. నేల తనది, రెక్కలు పరాయివి. 1948లో ఈ మైదానాల మీద జరిగిన కథంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

హైదరాబాదు పేరు మోసిన పరాయి విమానాలు

మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వైమానిక దళం ఒక స్క్వాడ్రన్‌కు సరిపడా డీహెచ్-9ఎ రకం బాంబర్లను సమకూర్చుకుంది. దాని పేరు 110వ నంబరు (హైదరాబాద్) స్క్వాడ్రన్. 1918 సెప్టెంబరులో ఫ్రాన్సు చేరి, జర్మనీ పట్టణాల మీద పగటిపూట దాడులకు వెళ్లింది. ఆ విమానాల ఒంటి మీద ఇది హైదరాబాదు నిజాం కానుక అని రాసి ఉండేది.

వాటిలో ఒకటి ఈనాటికీ ఉంది. దాని నంబరు ఎఫ్1010. 1918 అక్టోబరు 5న దాడికి వెళ్లి జర్మన్ల చేతికి చిక్కింది. దాన్ని వాళ్లు బెర్లిన్‌లోని వైమానిక మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడి నుంచి తూర్పుకు తరలిపోయి పోలండ్‌లో తేలింది. 1970ల చివరలో లండన్ వాళ్లు దాన్ని తెచ్చుకుని బాగుచేయించి, హెండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో నిలబెట్టారు. కర్ర చట్రం, దాని మీద బిగించిన గుడ్డ, రెండంతస్తుల రెక్కలు, ఆ గుడ్డ మీద నిజాం పేరు. దక్కన్ రైతు కట్టిన శిస్తు ఎక్కడిదాకా ప్రయాణం చేసిందో చెప్పడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు కనిపించలేదు. ఆ విమానం మాత్రం హైదరాబాదు ఆకాశాన్ని ఒక్కసారైనా చూడలేదు.

అదే 1918లో బ్రిటిష్ ప్రభుత్వం ఉస్మాన్ అలీఖాన్‌కు ‘బ్రిటిష్ ప్రభుత్వపు నమ్మకమైన మిత్రుడు’ అన్న బిరుదు ఇచ్చింది. పారశీకంలో యార్-ఎ-వఫాదార్. ఈ మాట రెండో ప్రపంచ యుద్ధంలో మళ్లీ విమానాల దగ్గరికి వచ్చింది. నిజాం విరాళంతో పేరు పెట్టుకున్న 152వ నంబరు (హైదరాబాద్) స్క్వాడ్రన్ 1940లో స్పిట్‌ఫైర్‌లతో ఇంగ్లండు దక్షిణ తీరాన్ని కాసింది. దాని చిహ్నంలో నడుమ ఉన్నది నిజాం తలపాగా, అంటే ఆసఫ్‌జాహీల దస్తారు. కింద ‘నమ్మకమైన మిత్రుడు’ అన్న నినాదం. హరికేన్ విమానాలు నడిపిన 253వ నంబరు స్క్వాడ్రన్‌కు కూడా హైదరాబాద్ స్టేట్ అన్న పేరే. ఇలా రెండు యుద్ధాల్లో కలిపి మూడు దళాలు హైదరాబాదు పేరు మోశాయి. హైదరాబాదు సైన్యానికి మాత్రం గుర్రాలు, ఫిరంగులు, సాయుధ మోటారు బండ్లు ఉన్నాయి తప్ప విమానం లేదు.

బేగంపేట

బేగంపేటకు ఆ పేరు నిజాం వంశపు ఆడపడుచు, ‘పైగా’ అనే ప్రభువుల వంశానికి కోడలు బషీరున్నిసా బేగం వల్ల వచ్చిందని చెబుతారు. పైగా ప్రభువుల దేవిడీలు, 1906 నాటి స్పానిష్ మసీదు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. విమానాశ్రయం పక్కనే ఇంకో పాత భవనం ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన చోటు అదే. విమానం కన్నా ముందే ఈ వీధికి ప్రపంచ చరిత్రలో చోటు దక్కింది.

1930ల్లో ఇక్కడ ఏరో క్లబ్బు వెలిసింది. ఆ దశాబ్దం చివరికి టెర్మినల్ భవనం లేచింది. విమానాశ్రయ ప్రారంభ వేడుకతో దుర్రెషెహ్వార్ పేరు ముడిపడి ఉంది. ఆమె చివరి ఒట్టోమన్ ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ కూతురు, 1931లో నిజాం పెద్ద కొడుకు ఆజంజాను పెళ్లాడి ఈ ఊరికి వచ్చింది.

ఈ విమానాశ్రయాన్ని నడిపించిన వెన్నెముక రైల్వే శాఖ. 1930లో సంస్థానం తన రైళ్లను కంపెనీ చేతుల్లోంచి సొంతం చేసుకుంది. 1932 జూన్‌లో అదే శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. తరువాత టాటాలతో కలిసి దక్కన్ ఎయిర్‌వేస్‌ను స్థాపించింది. పట్టాలూ, రోడ్లూ, ఆకాశమూ ఒకే శాఖ కింద. డకోటా విమానాలు బేగంపేట నుంచి మద్రాసు, బెంగుళూరు, ఢిల్లీ వైపు ఎగిరాయి. దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగం ఇచ్చింది కూడా ఈ సంస్థే. లైసెన్సు చేత పట్టుకుని ఆమె అడగని కంపెనీ లేదు. అందరూ కాదన్నాక హైదరాబాదు రమ్మంది. 1953 ఆగస్టు 1న ఎనిమిది విమాన కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేసినప్పుడు దక్కన్ ఎయిర్‌వేస్ అందులో కలిసిపోయింది. ఈ చిన్న సంస్థ మీద తెలుగులో ఒక మంచి పుస్తకం రావలసి ఉంది.

రన్‌వే గురించి ఒక మాట. బేగంపేట రన్‌వే రెండు కొసల మీదా 09, 27 అన్న అంకెలు ఉంటాయి. దిక్సూచి డిగ్రీల్లో చివరి సున్నా తీసేస్తే వచ్చే అంకెలవి. 90 అంటే తూర్పు, 270 అంటే పడమర. విమానం ఎప్పుడూ ఎదురుగాలికి ఎగరాలి, ఎదురుగాలికే దిగాలి. అప్పుడే తక్కువ పరుగుతో నేల వదులుతుంది. దక్కన్‌లో వానాకాలమంతా పడమటి గాలి, చలికాలంలో తూర్పు గాలి. అందుకే ఇక్కడి రన్‌వే తూర్పు పడమరలుగా పడుకుంది. ఆ తరువాత చాలా ఏళ్లకు శంషాబాదులో కట్టినదీ అదే దిక్కున ఉంది. పాలకులు మారినా గాలి మారదు.

యుద్ధం తెచ్చిన మైదానాలు

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. కోస్తా అంతా గుండెలు అరచేత పట్టుకుంది. గన్నవరం, రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడి, ప్రకాశం జిల్లా దొనకొండ ఆ యుద్ధకాలంలో వచ్చిన మైదానాలే. వాటి కథ వేరే, ఇక్కడ ఇంతటితో చాలు.

సముద్రానికి దూరంగా, మధ్య దక్కన్‌లో ఉండటం హైదరాబాదుకు కలిసివచ్చింది. కొత్త పైలట్లకు చదువు చెప్పడానికి శత్రువు చేయి అందని ఆకాశం కావాలి. యుద్ధకాలంలో ఒకటో నంబరు ఎలిమెంటరీ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూలు బేగంపేటలో నడిచింది. అంటే విమానయానంలో ఓనమాలు దిద్దించే బడి. పలక టైగర్ మాత్, రెండు సీట్ల చిన్న విమానం. ముందు ఒకరు, వెనక ఒకరు, తల మీద కప్పు లేదు, గాలి మొహానికే కొడుతుంది. పచ్చిక మైదానం ఉంటే చాలు లేచిపోయేది. భారత వైమానిక దళంలో తరువాత పెద్ద పదవులకు ఎదిగిన వాళ్లలో చాలామంది మొదటిసారి ఒంటరిగా ఎగిరింది ఈ బేగంపేట పచ్చిక మీది నుంచే. బీదరు స్థావరం 1942లో శిక్షణ కోసమే మొదలైంది.

మామునూరు పుట్టుక వేరు. వరంగల్లు పక్కన ఉన్న ఈ మైదానం 1930ల నాటిది. 1934లో మొదలైన ఆజంజాహీ బట్టల మిల్లుకూ, ఉత్తరాన వచ్చిన కాగజ్‌నగర్ పరిశ్రమకూ రాకపోకల కోసం వేశారని చెబుతారు. సంస్థానంలో ఉన్న పెద్ద మైదానాల్లో అదొకటి. ఆ పెద్దరికమే 1948లో దాన్ని తుపాకుల దారి చేసింది.

1948: రాత్రి దిగిన విమానాలు

హైదరాబాదు 82,000 చదరపు మైళ్ల రాజ్యం. నాలుగు వైపులా భారత భూభాగం. రేవు లేదు. పోర్చుగీసు వాళ్ల దగ్గర మార్మగోవా రేవు కొందామని చేసిన ప్రయత్నం ఫలించలేదు. 1947 నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కుదిరినా, ఏడాది తిరగకుండానే రెండు వైపులా నమ్మకం చచ్చిపోయింది. పల్లెల్లో నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళం రజాకార్ల దౌర్జన్యం పెచ్చుమీరింది. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన ఊచకోతను ఆ ఊరివాళ్లు ఇంకా మరచిపోలేదు. సరిహద్దుల్లో సరుకులకు అడ్డుకట్ట పడింది. దక్కన్ ఎయిర్‌వేస్ విమానాల రాకపోకలను కూడా ఢిల్లీ ఆపించింది. నేల మీద దారులన్నీ మూసుకుపోయాక మిగిలింది ఆకాశం ఒక్కటే.

ఆ ఆకాశం నుంచి వచ్చినవాడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్. అతడు సామాన్యుడు కాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పైలట్. పై ఎత్తుల్లో చలికి పైలట్లు వణకకుండా 1917లో సిడ్‌కాట్ అనే ఎగిరే దుస్తును తయారుచేశాడు. రెండో యుద్ధం ముందు బ్రిటిష్ గూఢచారి శాఖ కోసం లాక్‌హీడ్ విమానంలో జర్మనీ మీదుగా తిరుగుతూ రహస్యంగా ఫొటోలు తీశాడు. 1948లో హైదరాబాదు సైన్యాధిపతి సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్‌కు ఆయుధాలు కావలసివచ్చినప్పుడు ఈ కాటన్‌తో బేరం కుదిరింది.

అతడు వాడినవి లాంకాస్ట్రియన్‌లు. యుద్ధంలో జర్మనీ మీద బాంబులు కురిపించిన లాంకాస్టర్ విమానాన్నే సరుకుల కోసం మార్చి చేసిన నాలుగింజన్ల రకం. కరాచీలో బయలుదేరి, భారత భూభాగం మీదుగా రాత్రివేళ దాటి, బీదరులోనూ వరంగల్లులోనూ దిగేవి. ఆ రోజుల్లో చీకట్లో దిగే విమానానికి రన్‌వే పొడవునా కిరోసిన్ దివిటీలు పెట్టడం పద్ధతి. అంత బరువు విమానానికి టైగర్ మాత్ ఎగిరే పచ్చిక చాలదు, గట్టి నేల, పొడవాటి పరుగు కావాలి. అలాంటి నేల సంస్థానంలో కొన్నిచోట్లే ఉంది. కాబట్టి ఎక్కడ దిగుతున్నాయో ఊహించడం ఢిల్లీకి పెద్ద కష్టం కాలేదు. ఆకాశంలో అడ్డుకోవడం కష్టమైంది, అంతే.

కాటన్ మీద తరువాత బ్రిటన్‌లో విమానయాన చట్టం కింద కేసు నడిచింది. శిక్ష 200 పౌండ్ల జరిమానా.

1948 సెప్టెంబరు 13న మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలో భారత సేనలు షోలాపూరు వైపు నుంచి కదిలాయి. బెజవాడ వైపు నుంచి మరో దండు వచ్చింది. పేరు ఆపరేషన్ పోలో, జనం నోట పోలీసు చర్య. పుణె నుంచి లేచిన భారత వైమానిక దళపు టెంపెస్ట్ విమానాలు మొదట గురిపెట్టిన వాటిలో బీదరు, వరంగల్లు మైదానాలు ఉన్నాయి. రన్‌వే మీద బాంబు పడితే గొయ్యి పడుతుంది, గొయ్యి పడితే లాంకాస్ట్రియన్ దిగలేదు. అంతకన్నా పెద్ద వ్యూహం అక్కరలేదు. ఎదురు లేచే విమానం హైదరాబాదు వైపు ఒక్కటీ లేదు. ఎనిమిదేళ్ల కిందట ఇంగ్లండు ఆకాశంలో తన దస్తారు బొమ్మను మోసిన స్పిట్‌ఫైర్‌లకు డబ్బిచ్చిన రాజ్యం, తన పొలాల మీద తిరుగుతున్న విమానాలను తల ఎత్తి చూస్తూ ఉండిపోయింది. ఐదు రోజుల్లో, సెప్టెంబరు 17న, నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించాడు. మర్నాడు ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయాడు.

ఆ ఆయుధాల లెక్క మరో డెబ్బై ఏళ్లు తేలలేదు. 1948 సెప్టెంబరు 20న లండన్‌లోని నిజాం ప్రభుత్వ ఖాతా నుంచి 10,07,940 పౌండ్లు పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతూలా పేరు మీదికి మారాయి. సొమ్ము తమదని భారత్, పాకిస్తాన్, నిజాం వారసులు దశాబ్దాల తరబడి వాదించుకున్నారు. కరాచీ నుంచి పంపిన ఆయుధాలకు ఇది బదులు అన్నది పాకిస్తాన్ వాదనల్లో ఒకటి. అలా కాటన్ రాత్రి ప్రయాణాలు లండన్ హైకోర్టు ముందుకు వచ్చాయి. 2019 అక్టోబరు 2న జస్టిస్ మార్కస్ స్మిత్ ఆ వాదనను తోసిపుచ్చి, భారత్‌కూ వారసులకూ అనుకూలంగా తీర్పు చెప్పాడు. అప్పటికి ఆ సొమ్ము వడ్డీతో మూడున్నర కోట్ల పౌండ్లయింది.

రెండు చేతుల ఫొటో

1949 ఫిబ్రవరిలో సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ హైదరాబాదు వచ్చినప్పుడు బేగంపేటలో తీసిన ఫొటో తెలుగువాళ్లలో చాలామంది చూసే ఉంటారు. విమానం దిగి వచ్చిన పటేల్ ఎదురుగా షేర్వాణీ తొడుక్కున్న సన్నని, కాస్త వంగిన మనిషి, నిజాం ఉస్మాన్ అలీఖాన్. రెండు చేతులూ జోడించి ఉన్నాడు. అంతదాకా ఎవరి నుంచైనా ఆయన సలాములు అందుకున్నవాడే. విమానాశ్రయానికి వెళ్లి మరొకరిని స్వాగతించడం, నమస్కారం చేయడం, ఈ రెండూ ఆయనకు కొత్త. ఒక రాజ్యం ముగియడాన్ని ఎన్నో పత్రాలు నమోదు చేశాయి గాని, జనానికి గుర్తుండిపోయింది ఈ జోడించిన చేతులే. దక్కన్ ఎయిర్‌వేస్ కోసం, నిజాం అతిథుల కోసం వేసిన నేల మీద ఆ ఘట్టం జరిగింది.

సైనిక బడులు

విలీనం తరువాత ఈ మైదానాలు భారత వైమానిక దళానికి సిద్ధాన్నంలా దొరికాయి. బేగంపేటలో ఒక పక్క ప్రయాణికుల విమానాలు, మరో పక్క వైమానిక దళ స్టేషను. నావిగేటర్లకు దారి లెక్కలు నేర్పే బడి అక్కడ నడిచింది. హకీంపేటలో జెట్ పైలట్లు, తరువాత హెలికాప్టర్ పైలట్లు తయారయ్యారు. ఏటా శీతకాలం విడిదికి బొల్లారంలోని రాష్ట్రపతి నిలయానికి వచ్చే రాష్ట్రపతి దిగేదీ హకీంపేటలోనే. ఈ వాతావరణం, ఈ పాత స్థావరాలు చూసే వైమానిక దళ అకాడమీకి నగరం పక్కన దుండిగల్‌ను ఎంచుకున్నారు అనిపిస్తుంది. దానికి 1967 అక్టోబరు 11న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పునాదిరాయి వేశారు. 1971లో శిక్షణ మొదలైంది.

అన్నిటిలో బీదరు మలుపు నాకు ఎక్కువ ఇష్టం. దొంగచాటుగా తుపాకులు దిగిన ఆ రన్‌వే మీద సూర్యకిరణ్ విన్యాసాల దళం 1996లో పుట్టింది. 2008 నుంచి యుద్ధవిమాన పైలట్లు హాక్ జెట్‌ల మీద తర్ఫీదు పొందుతున్నది అక్కడే. 2016 జూన్ 18న దుండిగల్‌లో పట్టా పుచ్చుకున్న దేశపు మొదటి మహిళా ఫైటర్ పైలట్లు అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ ముందు హకీంపేటలో, తరువాత బీదరులో నేర్చుకున్నారు. 1956లో బీదరు అప్పటి మైసూరు రాష్ట్రంలో, అంటే ఇప్పటి కర్ణాటకలో చేరింది. 2020 ఫిబ్రవరిలో పౌర విమానాలకూ తలుపు తెరిచింది.

సోవియట్ విమానాల నీడ కూడా హైదరాబాదు మీద పడింది. మిగ్-21 యుద్ధవిమానాన్ని భారత్‌లో తయారుచేయాలని నిర్ణయించినప్పుడు పనిని మూడు ముక్కలు చేశారు. విమానం ఒళ్లు నాసిక్‌కు, ఇంజను కోరాపుట్‌కు, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాదుకు. అలా 1965లో బేగంపేటకు కూతవేటు దూరంలో బాలానగర్‌లో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ కర్మాగారం వచ్చింది. పాతబస్తీ అంచున కంచన్‌బాగ్‌లో 1970లో భారత్ డైనమిక్స్ వచ్చింది. క్షిపణుల ప్రయోగశాల కూడా ఆ పక్కనే. సొంత రెక్కలు లేని రాజధాని, పరాయి పాలన పోయాక ఆకాశానికి సామాను చేసే ఊరయింది.

సోవియట్ దేశం కూలిన తరువాత అక్కడి స్థావరాల గతి చూస్తే మన మైదానాల సంగతి ఇంకా తెలుస్తుంది. తూర్పు జర్మనీ నుంచి చివరి రష్యన్ సైనికులు వెళ్లిపోయింది 1994 ఆగస్టు 31న. వాళ్లు వదిలిన రన్‌వేలు తూర్పు యూరపు అంతటా పడి ఉన్నాయి. బంగళా కూల్చవచ్చు, తోట నరకవచ్చు, మైళ్ల పొడవు కాంక్రీటును ఏం చేయాలి? ఎస్తోనియాలో తార్తు పట్టణం పక్కన రాది అనే బాంబర్ల స్థావరం ఉండేది. ఎస్తోనియా వాళ్లు 2016లో తమ జాతీయ మ్యూజియాన్ని సరిగ్గా ఆ రన్‌వే కొస మీద కట్టారు. భవనం కప్పు రన్‌వేకు కొనసాగింపుగా నేల మీది నుంచి పైకి లేస్తుంది. దేశాన్ని ఆక్రమించిన సైన్యం వేసిన నేలను దాచిపెట్టకుండా, దాని మీదే సొంత కథ చెప్పుకున్నారు. మామునూరులోనో బీదరులోనో 1948 సంగతి చెప్పే చిన్న గది ఒకటైనా ఉండాలని ఆ మ్యూజియం గురించి చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

పాతబస్తీ నుంచి బేగంపేటకు

చార్మినార్ నుంచి దక్షిణంగా ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట దాటితే బార్కాస్ వస్తుంది. ‘బ్యారక్స్’ అన్న మాట నోట్లో నలిగి బార్కాస్ అయింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి ఓడల మీద వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల బస ఇది. లుంగీ కట్టు, హరీస్ వంటకం, తోటల జామకాయలు ఇక్కడి గుర్తులు. 1948 తరువాత ఆ సైన్యాన్ని రద్దు చేశారు. చాలామంది అరబ్బులను నిర్బంధించారు, కొందరిని దేశం దాటించారు. మిగిలినవాళ్లకు కొలువు పోయింది, బ్యారక్స్ అన్న పేరు మిగిలింది.

1970ల్లో గల్ఫ్‌లో చమురు ధర పెరిగాక వీళ్ల మనవలు, మునిమనవలు తాతలు వచ్చిన దిక్కుకే బయలుదేరారు. అరబ్బీ భాష ముక్కలు కొన్ని ఇంట్లోనే మిగిలి ఉన్నాయి, అది పనికొచ్చింది. మొదట్లో బొంబాయి వెళ్లి ఎక్కేవారు, బేగంపేట నుంచి గల్ఫ్ విమానాలు మొదలయ్యాక ఇక్కడే. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి దుబాయి బయలుదేరిన రైతు బిడ్డలు కూడా అదే గుమ్మం ముందు నిలబడ్డారు. ఒక్కడు పోతుంటే ఇరవై మంది సాగనంపడానికి వచ్చేవారు. పాతబస్తీ నుంచి వచ్చినవాళ్లలో తల్లో, అక్కో ప్రయాణమయ్యేవాడి కుడి జబ్బకు ఇమామ్ జామిన్ కట్టేది. నాణెం ఒకటి చిన్న గుడ్డలో మడిచి, జరీ అంచు పట్టీకి కుట్టి, దువా చదివి ముడి వేయడం. ‘‘ఖుదా హాఫిజ్ బేటా’’ అని ఒక పక్క, ‘‘పైలం కొడుకా, ఉత్తరం రాయి’’ అని ఇంకో పక్క. క్షేమంగా చేరాక పట్టీ విప్పి ఆ నాణేన్ని దానం చేయాలి. హజ్ యాత్రికులు ఎక్కిందీ ఇక్కడి నుంచే. పాతబస్తీ ఇళ్ల అల్మారాల్లో బేగంపేట గుమ్మం ముందు దండలతో దిగిన ఫొటో లేని ఇల్లు అరుదు. నిజాం అతిథుల కోసం కట్టిన విమానాశ్రయం అలా కూలీల, మేస్త్రీల, డ్రైవర్ల విమానాశ్రయమైంది. దాని చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైన భాగం ఇదే.

2008 మార్చి 23న శంషాబాదులో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం మొదలైంది. ఆ ముందు రాత్రితో బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. ఇప్పుడు అక్కడ వైమానిక దళం, ప్రముఖుల రాకపోకలు, రెండేళ్లకోసారి విమాన ప్రదర్శన. విమానాశ్రయం నగరానికి ఉత్తరం నుంచి దక్షిణానికి మారడంతో బార్కాస్ వాళ్లకు దారి దగ్గరైంది. పహాడీ షరీఫ్ మీదుగా వెళితే ఊరు దాటే పనే లేదు.

మామునూరు, ఆదిలాబాదు

మామునూరులో 1980ల్లో వాయుదూత్ సంస్థ చిన్న విమానాలు కొన్నాళ్లు నడిచి ఆగిపోయాయి. చుట్టుపక్కల నేలలో కొంత పోలీసు శిక్షణ కళాశాలకు, ఇతర సంస్థలకు పోయింది. రన్‌వే మీద గడ్డి లేచింది. తిరిగి తెరవాలన్న మాట వచ్చినప్పుడల్లా శంషాబాదు ఒప్పందం అడ్డొచ్చింది. ఆ విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు ఇంకొకటి కొత్తగా రాకూడదన్నది అందులో షరతు. శంషాబాదు విమానాశ్రయాన్ని నడిపే జీఎంఆర్ సంస్థ అభ్యంతరం లేదన్నాక, 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతి ఇచ్చింది. ఆదిలాబాదు మైదానాన్ని పౌర విమానాలకు కూడా వాడుకోవడానికి అదే ఏడాది ఏప్రిల్‌లో వైమానిక దళం ఒప్పుకుంది.

మామునూరు రన్‌వే ఇప్పుడు సుమారు 1.8 కిలోమీటర్లు. రెండు ఇంజన్ల ఏటీఆర్ రకానికి అది సరిపోతుంది గాని ఎయిర్‌బస్‌లు దిగాలంటే ఇంకో కిలోమీటరు దాకా పెంచాలి. అందుకోసం 253 ఎకరాలు కొనడానికి రాష్ట్ర ప్రభుత్వం 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ ఎకరాలు నక్కలపల్లి, గుంటూరుపల్లి వంటి పక్క ఊళ్ల రైతులవి. భూమికి భూమి ఇవ్వాలనీ, మైదానం పెరిగితే మూసుకుపోయే ఊరి దారికి బదులు మరో దారి వేయాలనీ వాళ్లు అడిగారు.